షాకర్ల సైకిల్ కొనేటోళ్లు జర ముందు చక్రం కాడ కూసోండ్రి

ఈసారి పంట ముచ్చట కాదు, సైకిల్ ముచ్చట. బడులు తెరిచినంక మనోళ్లు చాలామంది పిల్లలకు పాత గేర్ సైకిళ్లు వెతుకుతున్నరు, అందుకే రాస్తున్న. జర పొడుగుంటది, ఓపికతోని చదవండ్రి.

మా బిడ్డ ఈ ఏడు ఎనిమిదో తరగతి. హైస్కూల్ మా ఊరికి ఐదు కిలోమీటర్లు. సగం తొవ్వ కాకతీయ కాలువ కట్ట, మిగిలిన సగం గ్రానైట్ లారీలు తిరిగి తిరిగి కంకర తేలిన రోడ్డు. "బాపూ, నాకు షాకర్ల సైకిలే కావాలె" అని ఎండకాలమంత ఒకటే పాట. కొత్తది కొందామంటే వడ్ల పైసలు ఇంక ఖాతాల పడలే. పక్కూరి పిలగాడు ఆదిలాబాద్‌ల చదువుకున్నప్పుడు తొక్కిన సైకిల్ అమ్ముతా అన్నడు. మూడు వేల ఐదు వందలు చెప్పిండు.

నేను ఇంతకుముందు ఒకసారి దెబ్బతిన్నోన్ని. మూడేండ్ల కింద మా అన్న కొడుక్కు ఇట్లాంటి పాత సైకిలే బేరం చేసి ఇప్పించిన. రంగు చూసిన, గేర్లు మార్చి చూసిన, టైర్లు చూసిన. ముందు ఫోర్కును ముట్టుకోను గూడ ముట్టుకోలే. నెల తిరగకముందే కట్ట దిగేకాడ పోరడు బ్రేక్ పట్టంగనే ముందు చక్రం గడగడ అదిరి హ్యాండిల్ తిరిగిపోయింది. పడ్డడు, మణికట్టు ఇరిగింది. మా వదిన నన్ను ఒక్క మాట అనలే. అంటే బాగుండు అనిపించింది. అంగట్ల ఎద్దును కొంటే పండ్లు చూస్తం, నడిపిచ్చి చూస్తం, గిట్టలు లేపి చూస్తం. పిల్లగాడు ఎక్కే సైకిల్‌కు మాత్రం రంగు చూసి పైసలిచ్చిన.

అందుకే ఈసారి ఆ పిలగాడు "కాకా, మస్తు మెత్తగ పోతది, తొక్కి చూడు" అంటే నేను తొక్కలే. ముందు చక్రం ముంగట కూసున్న.

మొదలు చూడాల్సింది మెరిసే రాడ్లు, అంటే ఫోర్కు లోపలికి దిగే పై రాడ్లు. ఆదిలాబాద్ దిక్కు నల్లరేగడి సంగతి మీకు ఎరుకే, వానకాలం చక్రానికి పట్టిందంటే కట్టెతోని గీకాలె. ఆ బురద టైరుకు ఫోర్కుకు నడుమ ఇరికి, రాడ్డు మొదట్ల ఉండే రబ్బర్ల కింద జమైతది. మనోళ్లు దాన్ని మోటర్ పైపు పెట్టి కడుగుతరు, నీళ్లు లోపలికి పోతయ్. రబ్బరు జర పైకి లేపి చూసిన. తుప్పు చుక్కలు. గోరుతోని గీస్తే గరుకుగ తాకింది. ఆ తుప్పు గరుకు కాయితం లెక్క, రాడ్డు కిందికి మీదికి ఆడినప్పుడల్లా లోపలి బుష్షులను గీకుతనే ఉంటది.

తర్వాత ముందు బ్రేక్ పట్టి, హ్యాండిల్ మీద బరువేసి ఒత్తిన. సగం దిగి ఆగింది. ఇంక గట్టిగ ఒత్తితే దిగింది, వదిలితే టప్పున పైకి తన్నింది. ఇక్కడ ఒక మాట చెప్పాలె. మన మోటర్ సైకిల్ ఫోర్కుల ఆయిల్ ఉంటది. ఆ ఆయిల్ సన్న రంధ్రాల నుంచి పోవాలె కాబట్టి స్ప్రింగు తన్నకుండ మెల్లగ లేస్తది. కొండల మీద తొక్కే సైకిళ్లకు ఇట్లాంటి ఫోర్కును అమెరికాల రాక్‌షాక్స్ కంపెనీ 1989 సంది చేసుకుంట వచ్చింది, దాంట్ల గాలి, ఆయిల్ రెండూ ఉన్నయ్. చౌక సైకిళ్ల దాకా వచ్చింది దాని ఆకారమే. లోపల స్ప్రింగు, జర గ్రీజు, కొన్నిట్ల ఓ రబ్బరు ముక్క. అంతే.

ఇంకోటి, మా అన్న కొడుకును పడేసింది ఇదే. ముందు బ్రేక్ పట్టి సైకిల్‌ను ముందుకెనుకకు ఊపాలె. రెండో చెయ్యి వేలు హ్యాండిల్ కింది కప్పు మీద పెట్టి చూడాలె. అక్కడ కొట్టుకుంటే భయం లేదు, గోలీల కాడ లూజు, మిస్త్రీ పానతోని బిగిస్తడు. తర్వాత వేలు రాడ్డు కింది పైపుల దిగే కాడ పెట్టాలె. అక్కడ టక్కుటక్కుమంటే బుష్షులు అరిగినట్టు. కొత్త చౌక ఫోర్కుల గూడ సన్నగ ఆట ఉంటది, బ్రేక్ రబ్బర్లు కదిలినా అట్లనే అనిపిస్తది, తొందరపడి అమ్మేటోన్ని తిట్టకుండ్రి. కానీ ఇది వేలికి గట్టిగనే తగిలింది. ఈ రకం ఫోర్కులకు బుష్షులు విడిగ దొరకవు అని మిస్త్రీ చెప్పిండు.

ఫోర్కు ఎట్లున్నా సరే, హ్యాండిల్ గొట్టం కింద ఫ్రేము రంగు తప్పక చూడాలె. అక్కడ రంగు ముడతపడ్డా, పగిలినా సైకిల్ ఎక్కడనో గట్టిగ గుద్దుకున్నట్టు. అట్లాంటిది ఉట్టిగ ఇచ్చినా వద్దు. దీనికి అక్కడ నున్నగనే ఉన్నది. పక్క నుంచి చూస్తే ఫోర్కు ఎనుకకు వంగలే.

"తమ్మీ, ఫ్రేము, చక్రాలు మంచిగున్నయ్, షాకర్లు పోయినయ్" అన్న. వేలు పెట్టిచ్చి ఊపి చూపిచ్చిన. పాపం వానికి గూడ తెల్వదు. రెండు వేలకు ఇచ్చిండు.

మా బిడ్డను ఎక్కిచ్చి ఇంకోటి చూసిన. రాడ్డుకు రబ్బరు బ్యాండు చుట్టి కిందికి జరిపి, ఎక్కి దిగమన్న. బ్యాండు ఎంత జరిగితే ఫోర్కు అంత దిగినట్టు. ఇసుమంత జరిగింది. ముప్పై ఐదు కిలోల పిల్లకు ఆ స్ప్రింగు కదలనే కదలదు. అంటే బాగున్న షాకరైనా మా బిడ్డకు ఉత్త బరువే. మామూలు ఇనుప ఫోర్కుకు దాదాపు రెట్టింపు తూగుతది.

కరీంనగర్‌ల మిస్త్రీతోని సాదా ఫోర్కు ఏపిచ్చిన. మొదలు ఆయన పొట్టిది పెట్టిండు. ముందు భాగం కిందికి వంగి, పెడల్ నేలకు దగ్గరైంది. షాకర్ల ఫోర్కు పొడుగుంటది కదా, అంత పొడుగుదే పెట్టాలె. రెండోది సరిపోయింది. ముందట వెడల్పు టైరు ఏసి, టైరు పక్కన రాసిన తక్కువ అంకె కాడ గాలి ఉంచిన. ఆ షాకర్ల కంటె టైరే మెత్తగున్నది, ఇది నేను తొక్కి చెప్తున్న.

బిడ్డ మాత్రం రెండు రోజులు నాతోని మాట్లాడలే. "అందరివి షాకర్లున్నయ్, నాది తాత సైకిల్ లెక్కున్నది" అన్నది. మూడో రోజు కట్ట మీదికెల్లి పోయొచ్చింది. బాగున్నదని చెప్పలే, బాగలేదని గూడ అనలే.

పాత ఫోర్కు ఇంట్ల స్టార్టర్ డబ్బా పక్కన పడేసిన. మొన్న మా అన్న కొడుకు వచ్చి దాన్ని చేతిల పట్టి ఊపి చూసిండు. "చిన్నాయినా, నాది గిట్లనే కొట్టుకునేది. నేను చెప్పిన గదా అప్పుడు" అన్నడు. చెప్పిండు. నేనే ఇనలే.