గుడ్డ కప్పిన కుట్టుమిషను

మా అబ్బాజాన్ చిన్న దర్జీ దుకాణం పెట్టదలచి, ఒక్క అనుమతి పత్రానికై మాసాల తరబడి కార్యాలయాల చుట్టూ తిరిగారు. అన్నాళ్ళూ కుట్టుమిషను గుడ్డ కప్పుకొని ఇంట్లో ఒక మూల మౌనంగా ఉండేది.

ఆసియా-పసిఫిక్ ఆర్థిక సహకార వేదిక, అనగా ఏపెక్‌ను గూర్చి చదువుతుండగా ఆ మిషను మళ్ళీ కన్నుల ముందు నిలిచింది. 1989లో ఆవిర్భవించిన ఆ వేదికలో నేడు 21 ఆర్థిక వ్యవస్థలున్నవి. మన దేశం అందులో లేదు. సుంకాలు తగ్గినంత మాత్రాన వర్తకం సాగదనీ, సరిహద్దు లోపలి నిబంధనలూ అడ్డుగోడలేననీ గ్రహించి, 2004లో ఆ దేశాధినేతలు వ్యవస్థాగత సంస్కరణలకు పూనుకొన్నారు. వ్యాపార ప్రారంభం, అనుమతులు, రుణాలు, ఒప్పందాల అమలు, సరిహద్దు వాణిజ్యం - ఈ ఐదింటినీ 2015 నాటికి 25 శాతం సులభతరం చేయాలని 2009లో సంకల్పించారు. అక్కడ శాసించేవారు లేరు. తెలిసినవారు తెలియనివారికి నేర్పుతారు. ఒప్పందాల అమలులో కొరియా ఇతరులకు మార్గం చూపింది. లక్ష్యం పూర్తిగా నెరవేరలేదు. బలవంతం లేనిచోట బద్ధకానికీ చోటు దొరుకుతుంది కాబోలు! అయినను, పొరుగువానిని చూచి తన ఇల్లు చక్కదిద్దుకొనుట చిన్న విషయం కాదు.

నిబంధనలే వద్దని నేననను. విద్యార్థి మిత్రులారా! రేపు మీలో కొందరు సంతకాలు చేసే స్థానాల్లో కూర్చుంటారు. బల్లకు ఈవల నిలిచినవాని ఇంట గుడ్డ కప్పిన మిషను ఒకటి ఎదురుచూస్తున్నదని మరువకండి.