కుండ ఎవరు కొన్నారు?

పోటీలంటే మనకు వెంటనే గుర్తుకు వచ్చేవి పాటల పోటీలు, వంటల పోటీలు. కుండలు చేసేవారికి కూడా టెలివిజన్‌లో పోటీ పెడతారంటే మీరు నమ్ముతారా? ఇంగ్లండులో పెట్టారు. 'ది గ్రేట్ పాటరీ త్రో డౌన్' అని దాని పేరు. 2015లో బి.బి.సి.లో మొదలై, తరువాత ఛానల్ 4 సంస్థకు మారింది.

నేను నర్సు ఉద్యోగం మీద వచ్చి స్థిరపడిన స్టోక్-ఆన్-ట్రెంట్‌లోనే ఈ పోటీ జరుగుతుంది. ఆరు పట్టణాలు కలిసి ఒక్కటైన ఈ నగరానికి పింగాణీ పనే అన్నం పెట్టింది. సీసా ఆకారంలో ఉండే ఇటుక బట్టీల పొగతో ఒకప్పుడు ఇక్కడ పగలే చీకటిగా ఉండేదట. 1956లో గాలి శుభ్రతకు చట్టం వచ్చాక అవి ఒక్కొక్కటిగా చల్లారిపోయాయి. ఇప్పుడు యాభైలోపే నిలిచి ఉన్నాయి. నేను కుమ్మరి ఇంట పుట్టినదాన్ని. ప్రకాశం జిల్లాలో మా అన్నయ్య ఇప్పటికీ సారె తిప్పుతున్నాడు. అందుచేత ఈ పోటీని నేను ఉత్త కాలక్షేపంగా చూడలేను.

తెరమీదికి సారె రావడం ఇది మొదటిసారి కాదు. 1953లో బి.బి.సి. వారు కార్యక్రమాల మధ్య ఖాళీ సమయంలో ఒక చిన్న చిత్రం వేసేవారు. అందులో తిరిగే సారె, మట్టిని పైకి లాగే రెండు చేతులు కనిపించేవి. ఆ కుండ ఎప్పటికీ పూర్తి అయ్యేది కాదు.

ఆ తరువాత 1990లో 'ఘోస్ట్' అనే సినిమా వచ్చింది. అందులో నాయికా నాయకులు సారె దగ్గర కూర్చున్నప్పుడు వినిపించే పాట 'అన్‌చైన్డ్ మెలొడీ'. అసలు ఆ పాటకూ మట్టికీ ఏ సంబంధమూ లేదు. 1955లో ఒక చెరసాల సినిమా కోసం దానిని కట్టారు. రైటియస్ బ్రదర్స్ అనే జంట 1965లో పాడిన పాటనే ఈ సినిమాలో వాడుకున్నారు. అప్పటినుండి ఇక్కడ సారె కనిపిస్తే చాలు, ఎవరో ఒకరు ఆ పాట అందుకుని నవ్వుతారు. ఆ సన్నివేశంలో కుండ కూలిపోతుంది. పాట మిగిలింది, కుండను ఎవరూ అడగలేదు!

ఈ పోటీలో మాత్రం కుండను అడుగుతారు. మట్టిని పిసకడం, ఎత్తడం, ఆరబెట్టడం, కాల్చడం, మెరుగు పూత పూసి మళ్లీ కాల్చడం, అన్నీ చూపిస్తారు. లోపల తడి మిగిలితే అది ఆవిరై కుండను పగలగొడుతుంది. ఎంత చేయి తిరిగినవారైనా బట్టీ తలుపు తెరిచేదాకా ఊపిరి బిగబట్టుకుని నిలబడవలసిందే. న్యాయనిర్ణేతలలో కీత్ బ్రైమర్ జోన్స్ అనే పెద్ద కుమ్మరి ఉన్నాడు. యౌవనంలో ఆయన ఒక పాటల బృందంలో పాడేవాడు. అడెల్ అనే గాయని పాటను సరదాగా అనుకరించి ఆయన తీసిన వీడియో చూసే ఈ కార్యక్రమానికి పిలిచారు. పని బాగా కుదిరితే చాలు, ఆయన కళ్లు చెమర్చుతాయి. అందరి ముందూ ఏడ్చేస్తాడు.

నిరుడు ఎండాకాలం ఇంటికి వెళ్లినప్పుడు అన్నయ్యకు ఫోనులో ఇది చూపించాను. మా నాన్న నలభై ఏళ్లు కుండలు చేశాడు. ఒక్క కుండను చూసి ఎవరైనా కంట తడి పెట్టగా మేము ఎరుగము. బేరమాడినవారే గాని, చేతులను మెచ్చుకున్నవారు లేరు. అన్నయ్య కళ్లార్పకుండా చూశాడు. చివరికి, "ఆ పెద్దాయన మంచివాడే అమ్మాయ్. ఇంతకీ ఆ కుండ ఎవరు కొన్నారు?" అన్నాడు.

నాకు వెంటనే జవాబు దొరకలేదు. పక్కనే వాళ్ల అబ్బాయి నిలబడి ఉన్నాడు. ఇంటరు పూర్తి చేశాడు. వాడికి సారె అంటే ప్రాణం. "నాతోనే ఇది ఆగిపోవాలి" అని అన్నయ్య అంటాడు. "నేర్చుకుంటాను నాన్నా" అని వాడంటాడు. ఆ మాట ఆ ఇంట్లో ఇంకా తేలలేదు.

పాట మన చూపును సారెవైపు తిప్పగలదు. పోటీ కుమ్మరికి గౌరవం తేగలదు. రెండూ మంచివే. అయితే ఆవంలోకి కట్టెలు కొనేది ఆ చూపుతో కాదు, కుండ అమ్మిన డబ్బుతో గదా? మా స్టోక్‌లో బట్టీలను చూడడానికి ఎంతోమంది వస్తారు. కాని వాటిని మళ్లీ వెలిగించేవారు లేరు.

ప్రియ పాఠకులారా, ఈసారి ఎండలకు కూజా కొనబోయినప్పుడు వేలితో తట్టి చూడండి. ఖంగుమని మోగితే పగులు లేనట్టే. ఆపైన బేరమాడకుండా అడిగిన ధర ఇచ్చి తీసుకోండి. ఆ కుమ్మరి పక్కన, ఏం చేయాలో తేల్చుకోలేని ఒక పిల్లవాడు కూడా కూర్చుని ఉండవచ్చు.