జాంబీల మాల్ కొలతలకు పిట్స్‌బర్గ్ దాకా

పిట్స్‌బర్గ్ వెళ్తున్నామనగానే మా అమ్మ పట్టుచీర తీసి పెట్టెలో పెట్టుకుంది. అమెరికాలో తెలుగువాళ్లకు ఆ ఊరి పేరు చెబితే గుర్తొచ్చేది పెన్‌హిల్స్‌లోని వెంకటేశ్వరస్వామి గుడే. నాకూ మా అమ్మాయికీ మాత్రం అక్కడ ఇంకో రెండు చోట్ల పనుంది. ఒకటి శ్మశానం, రెండోది షాపింగ్ మాల్. శ్మశానం మాట విన్నాక అమ్మ ప్రయాణం మానలేదు గానీ వరస మార్చేసింది. “ముందు అక్కడికే పోనీయ్. తర్వాత హోటల్లో అందరికీ తలస్నానాలు. మర్నాడు పొద్దున గుడి. ప్రసాదం చేతిలో పెట్టుకుని నేను సమాధుల్లోకి రాను.” కొలంబస్ నుంచి మా దారి అలా ఖాయమైంది.

మా పనల్లా కొలతలు తీసుకోవడం. మా ఇంటి బేస్‌మెంట్‌లో నాలుగడుగుల చదరపు బల్ల ఉంది. దాని మీద జాంబీ ఆటలు ఆడతాం. కంప్యూటర్ ఆటలు కావు. కాలి నుంచి కంటిదాకా 28 మిల్లీమీటర్లుండే బొమ్మలకు మనమే రంగులు వేసుకుని, పాచికలు దొర్లించి, టేపుతో కొలిచి జరుపుకునే ఆటలు. బతికున్నవాళ్లు నలుగురైదుగురుంటారు, చచ్చి లేచినవాళ్లు డబ్బాడు. 2012లో వచ్చిన జాంబిసైడ్ లాంటి ఆటల్లో గదులూ వీధులూ అట్ట పలకల మీద అచ్చువేసి ఇస్తారు. ఇంగ్లండ్ కంపెనీ మాంటిక్ 2016లో తెచ్చిన వాకింగ్ డెడ్ ఆట లాంటివైతే గోడలు, కార్లు, కంచెలు బల్ల మీద నిజంగా లేచి నిలబడి ఉంటేనే రుచి. అవన్నీ తయారుగా కొనుక్కోవచ్చు కూడా. కొనుక్కునేవాళ్ల మీద నాకు కోపం లేదు గానీ కాస్త జాలి ఉంది.

జాంబీకి పరుగు రాదు. ఖాళీ మైదానంలో వదిలితే ముసలివాళ్లు కూడా దాన్ని తప్పించుకుపోతారు. భయం పుట్టాలంటే మూల ఉండాలి, ఆ మూల వెనక ఏముందో కనపడకూడదు, ఉన్న ఒక్క గుమ్మానికీ అడ్డంగా ఏదో పడి ఉండాలి. అంటే సగం ఆటను సీనరీ చేసినవాడే ఆడేస్తాడన్నమాట.

ఇక మాల్ సంగతి. జార్జ్ రొమెరో 1978 సినిమా ‘డాన్ ఆఫ్ ది డెడ్’ తీసింది పిట్స్‌బర్గ్ శివారులోని మన్రోవిల్ మాల్‌లో. నలుగురు మనుషులు హెలికాప్టర్‌లో వచ్చి మాల్ పైకప్పు మీద దిగుతారు, లోపల జాంబీలను ఏరేసి, వాకిళ్లకు లారీలు అడ్డం పెట్టి అక్కడే కాపురం పెడతారు. బల్ల మీద ఇంతకంటే మంచి ఆట ఏముంటుంది? 2025 మొదట్లో ఆ మాల్‌ను వాల్‌మార్ట్ 3 కోట్ల 40 లక్షల డాలర్లకు కొన్నదనీ, ఆ స్థలాన్ని కొత్తగా కట్టబోతున్నారనీ వార్త వచ్చింది. “నాన్నా, కూల్చేస్తే ఇంక ఫొటోలే” అంది మా అమ్మాయి. టేపు, నోట్‌బుక్కు, పెన్సిళ్లు, అమ్మ చేసిన చేగోడీలు కారులో పడ్డాయి.

ఐ-70 మీద తూర్పుకు వెళ్లి, వీలింగ్ దగ్గర ఒహాయో నది దాటి, పెన్సిల్వేనియాలో ఐ-79 పట్టుకుని ఉత్తరానికి తిరిగితే పిట్స్‌బర్గ్ పక్కనుంచే జారిపోయి ఎవాన్స్ సిటీ చేరతాం. పేరులోనే సిటీ, నిజానికి చిన్న ఊరు. శ్మశానం ఊరికి ఎత్తున గుట్ట మీద. ఇరుకు దారిలో కారు పైకెక్కుతుంటే రొమెరోదే ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ చూసినవాళ్లకు వెన్ను కాస్త నిటారవుతుంది. ఆ సినిమా మొదలయ్యేదే ఈ దారిలో వచ్చే కారుతో. 1968 అక్టోబర్ 1న పిట్స్‌బర్గ్‌లో మొదటి ఆట పడింది. అమ్మ కారు దిగలేదు. అద్దం దించుకుని విష్ణు సహస్రనామం అందుకుంది.

నేను చాపెల్ వైపు నడిచాను. సినిమాలో కనిపించే ఆ చిన్న కట్టడం ఒక దశలో కూలిపోయే స్థితికి వస్తే అభిమానులు చందాలు పోగేసి బాగుచేయించారు. మా అమ్మాయి మాత్రం సమాధి రాళ్ల దగ్గరే చతికిలబడింది. కాసేపటికి నోట్‌బుక్కు తెచ్చి చూపించింది. రాళ్లు ఒకే వరసలో ఉన్నా ఒకే ఎత్తులో లేవు. పాతవి భూమిలోకి కొంత దిగబడి, వాలున్న వైపుకు ఒరిగాయి. నాచు ఒక పక్కే ఎక్కువగా పట్టింది. గడ్డి కోసే మిషను రాయి అంచుదాకా రాలేదు కాబట్టి ప్రతి రాయి మొదట్లోనూ పొడుగు గడ్డి ఒక అంగుళం మేర మిగిలిపోయింది. శ్మశానం సెట్లు నేను చాలా చూశాను. కొన్నవీ, చేసినవీ. మొదట్లో పొడుగు గడ్డి పెట్టినవాడు ఒక్కడూ లేడు.

ఆ గుట్ట మీద నిలబడితే ఒక సంగతి బాగా తెలిసొస్తుంది. ఇప్పుడు మనం చూసే తరహా జాంబీ సినిమా పుట్టిందే ఇంట్లో ఉన్న సరుకుతో. రొమెరో, అతని మిత్రులు పిట్స్‌బర్గ్‌లో వాణిజ్య ప్రకటనలు తీసుకునే కుర్రాళ్లు. మొత్తం ఖర్చు దాదాపు 1,14,000 డాలర్లు. ఎలాగూ పడగొట్టబోయే పాత ఇల్లు కాబట్టి ఫార్మ్‌హౌస్ దొరికింది. తెర మీద కారిన నెత్తురు బోస్కో చాక్లెట్ సిరప్. తెలుపు-నలుపు సినిమాలో రంగు ఎవరికి తెలుస్తుంది? పంపిణీదారులు చివర్లో సినిమా పేరు మార్చినప్పుడు టైటిల్ కార్డు మీద ఉండాల్సిన కాపీరైట్ ప్రకటన ఎగిరిపోయింది. అప్పటి చట్టం ప్రకారం ఆ ఒక్క లోపంతో సినిమా అందరి సొత్తయింది. రొమెరోకు అది ఎంత నష్టమో చెప్పక్కర్లేదు. మాలాంటివాళ్లకు మాత్రం వరం. నడిచే శవానికి యజమాని లేడు కనుకే ప్రతి చిన్న బొమ్మల కంపెనీ తన అచ్చులో తన జాంబీలను పోసుకుంటోంది.

హోటల్లో అందరి తలస్నానాలనూ అమ్మ దగ్గరుండి చూసుకుంది. మర్నాటి గుడి గురించి ఆవిడే రాయాలి, నాకంత చేతకాదు. పచ్చటి వాలు మీద తెల్లటి గోపురం, లోపల తిరుపతి వేంకటేశ్వరుడి రూపం, దర్శనమయ్యాక కింద క్యాంటీన్‌లో పులిహోర, దద్ధ్యోజనం. కడుపు నిండాక కారెక్కితే అదే కొండల్లో కొద్ది నిమిషాల దూరంలో మాల్. అమెరికాలో అత్యంత ప్రసిద్ధమైన జాంబీ ఊరూ, మనవాళ్ల తొలి పెద్ద గుళ్లలో ఒకటీ ఇలా ఇరుగుపొరుగు కావడం ఎవరి సంకల్పమో.

మన్రోవిల్ మాల్ తెరిచింది 1969లో. షూటింగ్ 1977-78 చలికాలంలో, రాత్రి మాల్ మూశాక మొదలుపెట్టి తెల్లారేలోపు సర్దుకునేవాళ్లు. క్రిస్మస్ అలంకరణలు పెట్టినన్నాళ్లూ ఆపేయాల్సి వచ్చింది, రోజూ వాటిని తీసి మళ్లీ పెట్టలేక. సినిమాలో కనిపించే ఐస్ రింక్ 1980లలోనే పోయింది. రొమెరో అర్ధవిగ్రహం ఒకటి లోపల కనిపించింది. దాని పక్కన ఫొటో దిగి మా అమ్మాయి పనిలో పడింది.

అమ్మ బెంచీ మీద కూర్చుని అటూ ఇటూ చూసి, “ఇక్కడ ఏముందిరా చూడ్డానికి?” అంది. నిజమే, చాలా దుకాణాలు మూతపడ్డాయి. కానీ మాకు కావలసినవన్నీ ఉన్నాయి. సగం దించిన షట్టర్లు, దుకాణం పోయాక బోర్డు మీద మిగిలిన అక్షరాల మరకలు, చెత్తబుట్టలు, కుండీలు, నడవ మధ్యలో వదిలేసిన చిన్న అమ్మకపు బళ్లు. మా ఆటలో ఇలాంటి వాటిని స్కాటర్ అంటారు. గోడల కంటే అవే ముఖ్యమని నా అభిప్రాయం. గోడ దారి మూస్తుంది, అంతే. చెత్తబుట్ట అయితే వెనక దాక్కునే ఆశ చూపించి, జాంబీ రెండో వైపు నుంచి వచ్చేదాకా అక్కడే కూర్చోబెడుతుంది.

అమ్మ లేచి వచ్చి నోట్‌బుక్కులో గీసిన ప్లాను చూసింది. “మరి జనం ఎటు నుంచి వస్తారే? ఎటు పోతారు?” అని మనవరాలిని అడిగింది. మా ఇంట్లో సంక్రాంతి బొమ్మల కొలువు పెట్టేటప్పుడు కూడా ఆవిడది ఇదే లెక్క. మెట్ల ముందు ఇసుక పరిచి ఊరు కడితే, మెంతులు మొలకెత్తించి పచ్చిక చేస్తే, అద్దం ముక్కతో చెరువు పెడితే, ముందు దారి గీసేది. చెరువు దగ్గరికి ఆవు ఏ దారిన వస్తుందో తెలియకపోతే ఆవును పెట్టనిచ్చేది కాదు. మా అమ్మాయి ప్లాను చెరిపి, ముందు నాలుగు బాణం గుర్తులు వేసుకుని మళ్లీ గీసింది.

కొలతలకు వస్తే, ఉన్నది ఉన్నట్టు చేయడం కుదరదు. 28 మిల్లీమీటర్ల బొమ్మ అంటే సుమారు 56వ వంతు. ఆ లెక్కన నాలుగు వందల మీటర్ల భవనం బల్ల మీద ఏడు మీటర్లు దాటుతుంది. మా బల్ల ఆ లెక్కలో అరవై ఎనిమిది మీటర్ల చదరం మాత్రమే. ఇంకో చిక్కు, బొమ్మ కింద ఉండే గుండ్రటి పీట. అది 25 మిల్లీమీటర్లు, అంటే అసలు లోకంలో మీటరూ నలభై సెంటీమీటర్లు. నిజం దుకాణంలో అరల మధ్య మనం హాయిగా నడిచే సందును లెక్క ప్రకారం కుదిస్తే ఆ పీట పట్టదు. కాబట్టి సందులన్నీ వెడల్పు చేయాలి, దుకాణాలు తగ్గించాలి, గుమ్మాలు 40 మిల్లీమీటర్ల ఎత్తు పెట్టాలి. ఎస్కలేటర్ మీద బొమ్మ నిలవదు, జారిపోతుంది. అందుకని కిందా మధ్యలో పైనా మూడు చదునైన అరుగులు పెట్టి, మిగతాది మెట్లలా గీస్తే సరిపోయింది. కొలిచి తెచ్చిన అంకెల్లో చివరికి యథాతథంగా వాడింది నడవకూ దుకాణాల ముఖద్వారాలకూ ఉన్న నిష్పత్తి ఒక్కటే. ఆ ఒక్కటీ సరిగ్గా ఉంటే చూడగానే మాల్ అనిపిస్తుంది.

గోడలకు ఫోమ్‌బోర్డ్, బయటి భాగానికి హార్డ్‌వేర్ దుకాణాల్లో ఇంటి గోడలకని అమ్మే గులాబీ రంగు ఫోమ్ షీటు. మన థర్మాకోల్ కోస్తే పూసలు పూసలుగా రాలిపోతుంది. ఈ గులాబీది పదునైన బ్లేడుకు వెన్నలా తెగుతుంది, పెన్నుతో నొక్కితే ఇటుకల గీతలు నిలుస్తాయి. అల్యూమినియం రేకును నలిపి ఉండచేసి దాని మీద దొర్లిస్తే గరుకు సిమెంటు వచ్చేస్తుంది. స్ప్రే పెయింటు మాత్రం నేరుగా తగలకూడదు, అందులోని ద్రావకం ఫోమ్‌ను తినేస్తుంది. ముందు తెల్ల జిగురులో నల్ల అక్రిలిక్ కలిపి ఒక పూత వేయాలి. దుకాణాల అద్దాలకు టూత్‌బ్రష్‌ల ప్యాకింగ్ ప్లాస్టిక్, షట్టర్లకు కిటికీ దోమతెర ముక్కలు. కుండీలు సీసా మూతలు. కుండీల కింద రాలిన ఆకులు మాత్రం అమ్మ సరఫరా, వడకట్టిన టీ ఆకు ఎండబెట్టి ఇస్తుంది. తుప్పు మరకలు స్పాంజి ముక్కతో మా అమ్మాయి అద్దుతుంది. అది ఎక్కడ ఆపాలో తెలియాలి, నేనైతే మాలంతా తుప్పు పట్టించేస్తాను.

రంగు వేసే వరసలో కూడా ఇంట్లో రెండు పార్టీలున్నాయి. నాది ముదురు మీద లేతది, పొడి బ్రష్షుతో అంచులకు మాత్రమే తగిలేలా. అమ్మాయిది పల్చటి గోధుమరంగు నీళ్లు పోసి సందుల్లోకి దింపడం. మాల్‌కు ఆమె పద్ధతే నప్పింది. సమాధి రాళ్లకు నాది. ఆ రాళ్ల మొదట్లో పొడుగు గడ్డికి జనపనార పోగులు తెంపి అతికించాం.

ఇప్పుడు నడుస్తున్న తగువు పైకప్పు గురించి. లోపల బొమ్మలు జరపాలంటే కప్పు ఒక్క చేత్తో లేచి వచ్చేయాలి. కానీ కథ మొదలయ్యేది హెలికాప్టర్ దిగడంతో కాబట్టి, దాని బరువు మోసేంత గట్టిగానూ ఉండాలి. “కప్పును రెండు ముక్కలు చేద్దాం నాన్నా, హెలికాప్టర్ ఉన్న ముక్క కింద స్టోర్‌రూమ్ పెడదాం, ఆఖరిదాకా అక్కడికి ఎవరూ వెళ్లరు” అంటుంది మా అమ్మాయి. స్టోర్‌రూమ్‌లో ఒక జాంబీని ముందే పెట్టి మూసేయాలని దాని ఎత్తుగడ. నేనింకా ఒప్పుకోలేదు. అసలు ఈ కొలతకు సరిపోయే హెలికాప్టరే ఇంతవరకు దొరకలేదు.