నీళ్ళు కోసిన కొండలు

ఇంగ్లండ్ నైరుతి కొసన, డెవన్‌లో ఉన్న డార్ట్‌మూర్‌ను మనిషి చెయ్యి పడని బీడు అని పొగుడుతుంటారు. వారెన్ హౌస్ ఇన్ అనే సత్రం ఎదురుగా రోడ్డు దాటి లోయలోకి దిగీ దిగగానే ఆ పొగడ్త మీద నాకు నమ్మకం పోయింది.

చెట్టు లేదు. హెదర్ పొదలు, గోర్స్ ముళ్ళు, మేస్తున్న పొట్టి గుర్రాలు. వాటి మధ్య కొండ చీలికలు చీలికలుగా ఉంది. వానలు కోసిన గండ్లేమో అనుకుంటాం. కాదు, తగరం కోసం తరతరాలుగా జనం తవ్వినవే అన్నీ. మన ఇత్తడి గిన్నెలకు పూసే కళాయి ఆ లోహమే. కళాయివాడు రుద్దితే వచ్చే తెల్లటి మెరుపు వెనక ఇంత బురద పని ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

తగరపు ముడిరాయి ఇసుక కంటే చాలా బరువు. తవ్విన మన్నును పారే నీటిలో కడిగితే తేలికది కొట్టుకుపోయి, ముడిరాయి అడుగున ఆగుతుంది. అంటే సగం పని నీళ్ళదే. అందుకే ఈస్ట్ డార్ట్ నది నుంచి కొండవాలుల చుట్టూ తిప్పుతూ మైళ్ళకొద్దీ కాలువ తీసుకొచ్చారు. ఎవరి నేల మీదుగా అని అడిగేవాళ్ళు లేరు. 1201లో జాన్ రాజు ఇచ్చిన శాసనం ప్రకారం, బిషప్పుల భూముల్లోనైనా సరే తగరం తవ్వుకోవచ్చు, వాగులు మళ్ళించుకోవచ్చు. తగరం తవ్వేవాళ్ళకు సొంత కోర్టులు, లిడ్‌ఫర్డ్‌లో సొంత జైలు, క్రాకర్న్ టోర్ రాళ్ళ మీద ఆరుబయట పార్లమెంటు! ఇంత దర్జా ఉన్నా తవ్వేవాడి బతుకు మాత్రం బురదలోనే గడిచి ఉంటుందని నా అనుమానం.

విటిఫర్ గని దగ్గర మొండిగోడలు, నీటిచక్రం తిరిగిన గొయ్యి మిగిలాయి. ఇంకా కిందకు, 1930 ప్రాంతంలో మూతపడ్డ గోల్డెన్ డాగర్ గని దగ్గర, గుండ్రటి పళ్ళెంలాంటి కట్టడం ఉంది. పొడిచేసిన రాయిని నీటితో కలిపి దాని నడుమ పోసేవారు. బరువైనది మధ్యలోనే నిలిచి, మిగతాది అంచులకు జారేది. ఎంత సులువైన ఉపాయం! చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

తిరిగి ఎక్కుతుంటే బర్చ్ టోర్ వాలు మీద నాలుగు రాతిగోడల మళ్ళు కనిపించాయి. 1638లో విడికోంబ్ చర్చి మీద పిడుగు పడిన రోజున, పేకముక్కలు చేతిలో పట్టుకుని అక్కడ కునుకుతీస్తున్న జూదరిని దయ్యం ఎత్తుకుపోయిందట. దారిలో జారిపడిన నాలుగు ఆసులే ఈ మళ్ళట. కుందేళ్ళ మేతకు కట్టిన దొడ్లని తెలిసినవాళ్ళు అంటారు. ఈ గుట్టల్లో మాంసం కోసం కుందేళ్ళను పెంచేవారు, గని కూలీలూ కొనుక్కునేవారు. నాకైతే డైమను ఒక్కటే పోలిక కుదిరింది. ఆఠీను, కళావరు, ఇస్పేటు కనబడాలంటే మరికాస్త నమ్మకం కావాలేమో.