కొండ వెనుక హాలీవుడ్

హాలీవుడ్ అనగానే మనకు కొండమీది తెల్లని అక్షరాలు గుర్తుకు వస్తాయి. ఒక్కొక్క అక్షరం 45 అడుగుల ఎత్తు. 1923లో ఇళ్ళస్థలాలు అమ్ముకునేవారు ప్రకటనకోసం వాటిని అక్కడ నిలబెట్టారు. అప్పుడు "హాలీవుడ్‌ల్యాండ్" అని వుండేది. 1949లో "ల్యాండ్" తీసివేశారు. స్థలాలు అమ్మే బోర్డు కాస్తా కలలు అమ్మే బోర్డు అయి కూర్చుంది!

లాస్ ఏంజెల్సు వెళ్ళిన మనవాళ్ళు ముందుగా ఆ అక్షరాలు వెనుక కనబడేటట్లు ఫోటో తీయించుకుంటారు. తరువాత హాలీవుడ్ వీధి కాలిబాటలో పొదిగిన నక్షత్రాలమీద అభిమాన తారల పేర్లు వెదుక్కుంటారు. అంతటితో హాలీవుడ్ చూశామనుకుంటే పొరపాటే. పెద్ద స్టూడియోలలో ఆ పేటలో మిగిలింది పేరమౌంటు ఒక్కటే. వార్నర్ బ్రదర్సు, డిస్నీ స్టూడియోలు చూడాలంటే కొండదాటి బర్‌బాంకు పోవలసిందే.

వార్నర్ వారు టిక్కెట్టు పుచ్చుకుని, చిన్న బండిలో కూర్చోబెట్టి స్టూడియో అంతా తిప్పుతారు. వీధికి వీధే కట్టివుంటుంది. ఇళ్ళు, అంగళ్ళు, మెట్లు, దీపస్తంభాలు - అన్నీ వున్నాయి. చాలా ఇళ్ళకు ముఖమేగాని వెనుక ఇల్లు లేదు. ఆ ముఖాలను నిలబెట్టే వడ్రంగులు, రంగులు వేసేవారు, దీపాలు బిగించేవారు, దుస్తులు కుట్టేవారు మాత్రం నిజమైన మనుషులు. వారి పేర్లు కాలిబాట నక్షత్రాలమీద వుండవు.

2021 అక్టోబరులో ఆ మనుషులే "ఇక మావల్ల కాదు, పని ఆపేస్తాం" అన్నారు. డబ్బుకోసమేనా అని పాఠకులు అడగవచ్చు. డబ్బు సంగతీ వున్నది. కాని అంతకంటె పెద్ద తగాదా నిద్ర గురించి.

శుక్రవారం సాయంత్రం మొదలయిన షూటింగు శనివారం తెల్లవారేదాకా సాగడం అక్కడ మామూలు. దానికి వారు "ఫ్రాటర్‌డే" అని పేరు పెట్టుకున్నారు. మన భాషలో "శుక్రశనివారం" అనవచ్చునేమో! 1997లో ఒక కెమేరా సహాయకుడు 19 గంటలు పనిచేసి, కారు నడుపుకుంటూ ఇంటికి పోతూ, నిద్రముంచుకొచ్చి ప్రమాదంలో చనిపోయాడు. ప్రఖ్యాత ఛాయాగ్రాహకుడు హాస్కెల్ వెక్స్‌లర్ దీనినే పట్టుకుని 2006లో ఒక డాక్యుమెంటరీ చిత్రం తీశాడు. అడవిలో మేలుకొన్న లక్ష్మణుడి నిద్రను ఊర్మిళాదేవి తాను పోయిందని మన ఆడవాళ్ళు పాడుకుంటారు. బర్‌బాంకు కార్మికులకు అటువంటి సదుపాయం లేదు. ఎవరి నిద్ర వారే పోవాలి.

వీరి సంఘం పేరు ఐయాట్సీ. 1893లో నాటకశాలల పనివారు పెట్టుకున్న సంఘమిది. 128 ఏళ్ళలో ఒక్కసారి కూడా దేశమంతటా సమ్మె చేసి ఎరుగదు. అటువంటి సంఘంలో ఓట్లు వేయిస్తే 98 శాతం సమ్మెకు సిద్ధమన్నారు. అక్టోబరు 18, సోమవారం, అర్ధరాత్రి దాటిన మరునిమిషం ముహూర్తం. 60,000 మంది చేతులు ముడుచుకుంటే దేశమంతా షూటింగులు ఆగిపోతాయి. కరోనాతో 2020లో నెలలతరబడి మూతబడిన వూరికి మళ్ళీ యీ దెబ్బ! స్టూడియో మూతబడితే నష్టం స్టూడియోతో ఆగదు. భోజనాలు పంపేవారు, బట్టలు ఉతికేవారు, పూలు అమ్మేవారు - అందరి పొయ్యికీ అక్కడి నిప్పే.

శనివారంనాడు రాజీ కుదిరింది. రోజు పనికీ మరునాటి పనికీ మధ్య పది గంటల విశ్రాంతి, వారాంతంలో 54 గంటలు, మూడేళ్ళపాటు ఏటా మూడు శాతం జీతం పెంపు. వూరంతా హమ్మయ్య అనుకుంది. సంఘాధ్యక్షుడు మాథ్యూ లోబ్ దీనిని హాలీవుడ్ సినిమా ముగింపు అన్నాడు.

ఆ ముగింపు తరువాత మరొక రీలు మిగిలి వున్నది. ఇరవైనాలుగు గంటలలో పది తీసివేస్తే మిగిలేది పద్నాలుగు. ఆ పదిలోనే దారి ప్రయాణం, స్నానం, భోజనం, పిల్లల ముఖం చూడడం. నవంబరులో ఓట్లు లెక్కపెడితే హాలీవుడ్ ఒప్పందాన్ని వద్దన్నవారే వెంట్రుకవాసి ఎక్కువ! శాఖల ప్రతినిధుల ఓట్లు చూసే పద్ధతి వుండబట్టి అది గట్టెక్కింది. సమ్మె తప్పిందన్న ఊరట స్టూడియో యజమానికీ, పూలమ్మేవాడికీ ఒకటి కావచ్చు. తెల్లవారుజామున కారెక్కేవాడికి అది సగం ఊరటే.

అయినా ఆ సగమైనా చిన్నది కాదని 2023లో తెలిసివచ్చింది. ఆ ఏడు రచయితలు 148 రోజులు, నటులు 118 రోజులు సమ్మె చేశారు. సమ్మె తమది కాకపోయినా వడ్రంగులూ, దీపాలవాళ్ళూ పనిలేక కూర్చున్నారు. మన కృష్ణానగరు ఎరిగినవారికి యిది విడమర్చి చెప్పనక్కరలేదు. హైదరాబాదులో 2025 ఆగస్టులో కూలి పెంచమంటూ సినీకార్మికులు రెండు వారాలకు పైగా షూటింగులు ఆపినప్పుడు రోజుకూలి సంసారాలు ఎలా గడిచాయో వారికి తెలుసు.

2024లో ఐయాట్సీ ఒప్పందానికి మళ్ళీ గడువు వచ్చింది. ఈసారి పని ఆగకుండానే బేరం తెగింది. 85 శాతానికి మించి సరేనన్నారు. కనుక బర్‌బాంకు వెళ్ళేవారు బండిలో తిరిగేటప్పుడు తారల గదులతోపాటు ఆ ముఖాల ఇళ్ళ వెనుకవైపు కూడా తొంగిచూడండి. కొయ్య దన్నులు, మేకులు, నిచ్చెన కనబడతాయి. నిచ్చెన ఎక్కినవాడు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయాడన్నదే అక్కడ సంవత్సరాలు సాగిన తగాదా.