ఇచ్చేసిన హెడ్‌ఫోన్లు, తెగని జత



ఈసారి వర్షాకాలపు జ్వరాల గురించి రాస్తానని చెప్పి ఉన్నాను. దానిని వచ్చేసారికి వాయిదా వేస్తున్నాను. గత ఏడాది వినాయక చవితికి ముందు, మా ధూల్‌పేట్‌లో నా వల్ల జరిగిన ఒక పొరపాటును ముందుగా మీతో చెప్పుకోవాలి. డెబ్బై దాటిన వైద్యుడికి సెల్‌ఫోన్‌తో, హెడ్‌ఫోన్లతో ఏం పని అని మీరు అనుకోవచ్చు. చివరిదాకా చదివితే ఇది చెవులకూ, వైద్యానికీ సంబంధించిన విషయమేనని మీకే తెలుస్తుంది.

ప్రభుత్వ వైద్యుడిగా నేను ఎక్కువ కాలం పనిచేసింది పాతబస్తీ పరిసరాల్లోనే. పదవీ విరమణ తర్వాత కూడా ఇక్కడే ఉండిపోయాను. నిజాంల కాలంలో బుందేల్‌ఖండ్ ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడిన లోధ్ కుటుంబాలు ఇక్కడ ఎక్కువ. సంక్రాంతికి పతంగులు, చవితికి గణపతి విగ్రహాలు ఈ వీధుల్లోనే తయారవుతాయి. ఒకప్పుడు ధూల్‌పేట్ అనగానే గుడుంబా పేరే చెప్పేవారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చిన రోజుల్లో, కాలేయం చెడినవారూ, బట్టీల దగ్గర ఒళ్లు కాలినవారూ డిస్పెన్సరీకి వచ్చి, పోలీసులకు చెప్పని సంగతులు నాకు చెప్పేవారు. నా గదికి తలుపు సరిగా పడేది కాదు. పాత దుప్పటి ఒకటి తెరగా కట్టించి, తోడు వచ్చినవారిని బయటికి పంపి, అప్పుడు అడిగేవాణ్ణి. రోగి చెప్పిన మాట రోగిదే, మన దగ్గర దాచమని ఇచ్చిన సొత్తు మాత్రమే అని మా గురువులు నేర్పారు. మన దేశంలో వైద్యుల ప్రవర్తనా నియమావళి 2002లో చెప్పినదీ అదే.

ఇక అసలు కథ. మా అబ్బాయి రెండేళ్ల క్రితం వైరులేని హెడ్‌ఫోన్లు కొనిచ్చాడు. ఉదయపు నడకలో పాత పాటలు వినేవాణ్ణి. క్రమంగా శబ్దం పెంచవలసి వచ్చింది. చెవి, ముక్కు, గొంతు నిపుణుడైన ఒక మిత్రుడు ఆడియోమెట్రీ చేసి, వయసుతో వచ్చే వినికిడి లోపం మొదలైందని తేల్చాడు. ఇందులో ముందుగా తగ్గేది హెచ్చు పౌనఃపున్యపు శబ్దాల వినికిడి. అందుకే ‘స’, ‘శ’ వంటి అక్షరాలు స్పష్టంగా వినిపించవు. ఎదుటివారు మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు. దానికి పాటల శబ్దం పెంచుకోవడం మందు కాదని మిత్రుడు మందలించాడు. ఇంటికి వచ్చి, ఆ హెడ్‌ఫోన్లను పక్కింటి పిల్లవాడికి ఇచ్చేశాను.

వారిది విగ్రహాల ఇల్లు. మాకూ వారికీ ఉమ్మడి గోడ. చవితికి ముందు నెలల్లో అక్కడ రంగులు కొట్టే కంప్రెసర్ మోత ఆగదు. ఎనిమిదో తరగతి చదివే ఆ అబ్బాయి తల్లి ఫోన్‌లో పాఠాలు వినడానికి తంటాలు పడేవాడు. హెడ్‌ఫోన్లు ఇస్తే సంతోషించాడు. ఇచ్చేటప్పుడు నా ఫోన్‌లో ‘డిస్‌కనెక్ట్’ అని ఉన్నచోట నొక్కాను. పని పూర్తయిందనుకున్నాను. నా పొరపాటు అదే.

ఒక సాయంత్రం, ముప్పై ఏళ్లుగా నాకు తెలిసిన ఒక పెద్దమనిషి నుంచి ఫోన్ వచ్చింది. ఆయన కూడా మా వీధివారే. ముందు రోజు పరీక్షలు చేయించుకొమ్మని పంపింది నేనే. ఆయన జబ్బు పేరు ఇక్కడ రాయను. ఫోన్ ఎత్తి ‘హలో’ అన్నాను. అటునుంచి మాట లేదు. మళ్లీ మళ్లీ పిలిచాను. పెట్టేసి తిరిగి చేశాను. అంతా నిశ్శబ్దం. తెర మీద మాత్రం నిమిషాలు లెక్కపడుతున్నాయి. నెట్‌వర్క్ లోపమేమో అనుకున్నాను. నా చెవులే పూర్తిగా పోయాయేమోనని ఒక క్షణం గుండె జారింది కూడా.

పావుగంట తర్వాత పక్కింటి పిల్లవాడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో హెడ్‌ఫోన్లు. ముఖం పాలిపోయి ఉంది.

“డాక్టర్ సాబ్, ఇవి మీరే తీసేసుకోండి. మీ ఫోన్ మాటలు ఇందులో వినిపించాయి” అన్నాడు.

“ఏం వినిపించింది బాబూ?” అని అడిగాను. వాడు తల దించుకొని, “అంతా” అన్నాడు. కాసేపాగి, “ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు” అన్నాడు.

జరిగింది ఇది. ఆ సాయంత్రం వాడి తల్లి ఫోన్ తీసుకొని బేగంబజారుకు వెళ్లింది. వాడు కంప్రెసర్ మోత తగ్గించుకుందామని హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకొని మీట నొక్కాడు. వాటికి తెలిసిన ఫోన్లు రెండే. ఒకటి బేగంబజారులో ఉంది. రెండోది గోడకు ఇవతల, కిటికీ దగ్గర చార్జింగ్‌లో ఉన్న నాది. రక్తపోటు యంత్రం అంకెలు ఫోన్‌కు చేరాలని నేను బ్లూటూత్‌ను ఎప్పుడూ తెరిచే ఉంచుతాను. హెడ్‌ఫోన్లు నా ఫోన్‌ను వెతుక్కొని కలిసిపోయాయి. వినే చెవీ, మాట్లాడే మైకూ రెండూ అటే వెళ్లాయి. నా ‘హలో’లు ఆ పెద్దమనిషికి చేరలేదు. డాక్టరు మౌనంగా వింటున్నారనుకొని, ఇంట్లో భార్యకు కూడా చెప్పని సంగతిని ఆయన మొదటి నుంచి చివరి దాకా చెప్పారు. గోడలకు చెవులుంటాయని సామెత. ఆ గోడకు చెవులు తగిలించింది నేనే.

పిల్లవాడితో “ఎవరికీ చెప్పకు” అన్నాను. అన్న వెంటనే సిగ్గేసింది. నేను మోయవలసిన బరువును పదమూడేళ్ల పిల్లవాడి తల మీద పెట్టాను. ఆ రాత్రే టార్పాలిన్ల కింద వరుసగా నిలబెట్టిన విగ్రహాల మధ్య నుంచి నడిచి ఆ పెద్దమనిషి ఇంటికి వెళ్లాను. బయటికి పిలిచి, జరిగినదంతా దాచకుండా చెప్పి క్షమాపణ కోరాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “మీ దగ్గర చెప్పుకుంటే గాలికి కూడా తెలియదనుకున్నాను సాబ్” అని లోపలికి వెళ్లిపోయారు.

మిత్రులారా, ఈ యంత్రం లోపల ఏం జరుగుతుందో తర్వాత కూర్చుని తెలుసుకున్నాను. ఫోన్‌నూ హెడ్‌ఫోన్లనూ మొదటిసారి జత చేసినప్పుడు రెండూ కలిసి ఒక రహస్య సంకేతాన్ని తయారు చేసుకొని, చెరొకచోట భద్రపరచుకుంటాయి. ఆ తర్వాత ఎప్పుడు దగ్గరికి వచ్చినా ఆ సంకేతంతో ఒకదాన్నొకటి గుర్తుపట్టి, మనల్ని అడగకుండానే కలిసిపోతాయి. మామూలు హెడ్‌ఫోన్లకు ఇది సుమారు పది మీటర్ల వరకు సాధ్యం. పలుచటి గోడ అడ్డు కాదు. ‘డిస్‌కనెక్ట్’ చేస్తే ఆ పూటకు సంభాషణ ఆగుతుంది, సంకేతం అలాగే ఉంటుంది. దాన్ని చెరిపేయాలంటే జతనే తొలగించాలి. తాళం వేసి తాళంచెవి పక్కవారి దగ్గర ఉంచడం వేరు, తాళమే మార్చడం వేరు.

ఆ పద్ధతి ఇది:

1. ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి, బ్లూటూత్ లేదా ‘కనెక్టెడ్ డివైసెస్’ అన్నచోటికి వెళ్లండి. హెడ్‌ఫోన్ల పేరు పక్కనున్న పళ్లచక్రం గుర్తు నొక్కితే ‘ఫర్గెట్’ అనో ‘అన్‌పెయిర్’ అనో కనిపిస్తుంది. దాన్ని నొక్కి, మళ్లీ అడిగినప్పుడు సరేననండి.

2. ఐఫోన్‌లో సెట్టింగ్స్, బ్లూటూత్ తెరిచి, పేరు పక్కనున్న ‘ఐ’ గుర్తు నొక్కి, ‘ఫర్గెట్ దిస్ డివైస్’ ఎంచుకోండి.

3. హెడ్‌ఫోన్ల జ్ఞాపకాన్ని కూడా చెరపండి. చాలావాటిలో ఒక మీటను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే దీపం మినుకుమంటుంది. కంపెనీని బట్టి పద్ధతి మారుతుంది కనుక, పెట్టెలో వచ్చిన కాగితం చూడండి.

4. ట్యాబ్, ల్యాప్‌టాప్, టీవీలతో జత చేసి ఉంటే అక్కడా తొలగించండి. కారు అమ్మేటప్పుడు దాని తెరలో మిగిలిన మీ ఫోన్ జతనూ, నంబర్ల జాబితానూ తప్పక చెరపండి.

హెడ్‌ఫోన్లు ఎంతకీ కలవక మొరాయించినప్పుడు కూడా ఇదే చికిత్స. జత తొలగించి కొత్తగా జత చేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. కొత్త తరం వినికిడి యంత్రాలు కూడా బ్లూటూత్‌తో ఫోన్‌కు కలుస్తున్నాయి కనుక నా వయసువారు ఇది నేర్చుకోవడం అవసరం.

పిల్లవాడి చెవుల గురించి కూడా ఒక మాట చెప్పాలి. హెడ్‌ఫోన్లు వాడికి తిరిగి ఇచ్చే ముందు శబ్దం ఎంత పెడుతున్నాడో చూశాను. కంప్రెసర్ మోతను మించి వినాలని దాదాపు చివరి గీత దాకా పెంచాడు. లోపలి చెవిలోని సున్నితమైన రోమకణాలు ఒకసారి చనిపోతే మళ్లీ పుట్టవు. పెద్దలు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలకు మించి వినరాదనీ, పిల్లలకు ఆ హద్దు 75 డెసిబెల్స్ అనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పెద్దలకైనా 90 డెసిబెల్స్ అయితే వారానికి నాలుగు గంటలే. ఫోన్ గరిష్ఠ శబ్దంలో 60 శాతం దాటకుండా ఉంచుకోవడం తేలికైన నియమం. మోత ఉన్నచోట పాఠం వినడం కంటే, మోత లేనిచోటుకు పాఠాన్ని తీసుకువెళ్లడం మేలు. ఇప్పుడు వాడు సాయంత్రాలు మా వెనక గదిలో కూర్చుని చదువుకుంటున్నాడు.

ఆ పెద్దమనిషి పది రోజులు నా ముఖం చూడలేదు. పదకొండో రోజు భార్యతో కలిసి వచ్చారు. వేరెవరి నోటనో వినడం కంటే తానే చెప్పడం మేలని ఆమెకు చెప్పేశారట. ఇప్పుడు మందుల వేళలు ఆమె చూస్తోంది. చివరికి మంచే జరిగింది కదా అని కొందరు అన్నారు. నేను ఒప్పుకోను. ఎప్పుడు చెప్పాలో, ఎవరికి చెప్పాలో నిర్ణయించుకునే హక్కు ఆయనది. దాన్ని ఆయన చేతిలో నుంచి జారవిడిచింది నా అజాగ్రత్త. ఈ సంగతి రాయమని చెప్పింది ఆయనే. జబ్బు పేరూ, తన పేరూ వద్దన్నారు.

ఆ పిల్లవాడు ఇంతవరకు ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. నా ఫోన్‌లో జత తొలగించింది కూడా వాడే. ‘ఫర్గెట్’ అన్నచోట వేలు పెట్టించి, “ఇక్కడ నొక్కండి డాక్టర్ సాబ్, ఇది మరచిపోతుంది” అన్నాడు. నొక్కాను. హెడ్‌ఫోన్ల పేరు జాబితాలో నుంచి మాయమైంది. వాడు విన్నది మాత్రం అలా మాయం కాదని ఇద్దరికీ తెలుసు.

ఈ రాత్రి మీ ఫోన్‌లో జత చేసిన పరికరాల జాబితా ఒకసారి తెరిచి చూడండి. ఇప్పుడు మీ దగ్గర లేనివాటి పేర్లు అందులో ఉంటే వెంటనే తొలగించండి. వచ్చేసారి వర్షాకాలపు జ్వరాల గురించి తప్పక రాస్తాను. అందరికీ ఆయురారోగ్యాలు కలగాలని కోరుకుంటూ, సెలవు.