పక్కనుంచి వచ్చిన వెలుగు

చిక్కబళ్ళాపురం చుట్టుపక్కల రాతిగనుల దుమ్ము లేచిన సాయంత్రాల్లో సూర్యుడు కుంకుమముద్దలా దిగిపోతాడు. ధూళి నీలికాంతిని ఎక్కువగా, ఎరుపును తక్కువగా అడ్డుకుంటుంది. మారేది మధ్యనున్న అడ్డమే గాని సూర్యుడు కాదు గదా! నేను చదివింది కామర్సే అయినా, ఆకాశశాస్త్రంలో ఇదే సంగతి చదివినప్పుడు మనసు అక్కడే నిలిచిపోయింది.

కొన్ని గెలాక్సీల నడిమధ్య బ్రహ్మాండమైన కృష్ణబిలం ఉంటుంది. దానిలోకి సుళ్ళు తిరుగుతూ జారే పదార్థం కాగి భగ్గున వెలుగుతుంది. 1943లో కార్ల్ సీఫర్ట్ ఇలాంటి గెలాక్సీల వర్ణపటాలను వివరించాడు. తరువాతివారు వీటిని రెండు రకాలుగా విడదీశారు. వర్ణపటంలో వెడల్పు గీతలు కూడా ఉన్నవి మొదటి రకం, సన్నగీతలు మాత్రమే ఉన్నవి రెండో రకం.

ఇవి నిజంగా రెండు జాతులా? మన ఆడవాళ్ళు నీళ్ళబిందె కింద తలమీద పెట్టుకొనే చుట్టకుదురును తలచుకోండి. అలాంటి ధూళివలయం కృష్ణబిలం చుట్టూ ఉంటే, పైనుంచి చూసేవారికి నడిమి వెలుగు కనబడుతుంది, పక్కనుంచి చూసేవారికి మరుగవుతుంది.

ఊహ సరే, రుజువేది? రాత్రిపూట చింతామణి దారిలో గుట్టమలుపు అవతల లారీ వస్తుంటే దాని దీపం కనబడదు. పైకి లేచిన దుమ్ము మీద ఆ వెలుగు పడి లారీ ఉన్నట్టు చెబుతుంది. అలా దేనికో తగిలి పక్కకు మళ్ళిన కాంతిలో కంపనాలు ఎక్కువగా ఒకే దిశకు సర్దుకుంటాయి. దాన్ని ధ్రువిత కాంతి అంటారు. ఎన్.జి.సి. 1068 అనే రెండో రకం గెలాక్సీ నుంచి వచ్చే ధ్రువిత కాంతిని వేరుచేసి చూసి, అందులో వెడల్పు గీతలున్నాయని 1985లో ఆంటనూచి, మిల్లర్ ప్రకటించారు. వలయానికి పైనున్న వాయువులోని ఎలక్ట్రాన్లు, దాగిన వెలుగును మనవైపు మళ్ళించాయన్నమాట.

అన్ని తేడాలకూ చూపుకోణం ఒక్కటే కారణం కాదు. ధూళి ఎంత ఉంది, మధ్యలో పడే పదార్థమెంత అన్నదీ లెక్కే. అందుకే ఊరికే "అంతా ఒకటే" అనకుండా, పక్కవెలుగును వెతికి చూడాలి.

మా బాగేపల్లివాళ్ళను బెంగుళూరులో తెలుగువాళ్ళంటారు, హిందూపురంలో కన్నడంవాళ్ళంటారు. బ్యాంకు కౌంటరు దగ్గర రైతు కన్నడంలో చలానా నింపుతాడు, కన్నడంలోనే మాట్లాడతాడు. నోట్లు చేతికందాక మాత్రం పెదవులు మెల్లగా కదులుతాయి: ఒకటి, రెండు, మూడు... ఆ లెక్క ఏ జనాభా పట్టికలోనూ పడదు. నాకు మాత్రం ముప్పై ఏళ్ళుగా వినబడుతూనే ఉంది.